వెనక్కి తీసే నిమిషాలే కీలకం

ప్రశ్న: నాన్నకు 52 ఏళ్లు. మలంలో రక్తం పడుతుంటే విజయవాడలో కొలనోస్కోపీ చేయించాం. మేం టీ తాగి వచ్చేలోపే అయిపోయింది. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంది. ‘అంత తొందరగా ఏం చూసుంటారు?’ అంటున్నారు మా బాబాయి. మళ్లీ చేయించాలా?
– ఒక పాఠకుడు, రెడ్డిగూడెం, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: బాబాయిగారి అనుమానంలో పస ఉంది. అయితే మొత్తం పరీక్షకు ఎంతసేపు పట్టిందన్నది కాదు, కెమెరా గొట్టాన్ని వెనక్కి తీస్తూ ఎంతసేపు చూశారన్నదే లెక్క.

ముందు గొట్టాన్ని పెద్దపేగు మొదలయ్యే సీకమ్ దాకా పంపుతారు. అసలు వెతుకులాట తిరుగుదారిలోనే. పేగు లోపలంతా మడతలు. డాక్టరు గాలి నింపి ఒక్కో మడతా విప్పాలి, దాని వెనక్కి తొంగిచూడాలి, మిగిలిన పచ్చటి నీళ్లు పీల్చేసి మళ్లీ చూడాలి. పులిపిరిలా పైకి లేచిన పాలిప్ తొందరలోనూ కంటబడుతుంది. కుడివైపు పేగులో గోడకు అతుక్కుని, జిగురు కప్పుకున్నవే తప్పించుకుంటాయి. కొన్ని పాలిప్‌లు ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారతాయి కనుకే ఇంత పట్టింపు.

అమెరికాలోని రాక్‌ఫర్డ్‌లో 12 మంది డాక్టర్ల పనిని పోల్చిన పరిశీలన 2006లో వెలువడింది. వెనక్కి తీయడానికి సగటున 6 నిమిషాలు, ఆపైన తీసుకున్నవాళ్లు 28.3 శాతం మందిలో కణితులు పట్టుకున్నారు. అంతకన్నా తక్కువ తీసుకున్నవాళ్లు 11.8 శాతం మందిలోనే. అందరూ చేయి తిరిగినవాళ్లే! 2024లో అక్కడి వైద్య సంఘాలు ఆ సగటు కనీసం 8 నిమిషాలు ఉండాలన్నాయి. పాలిప్ కోసి తీసే సమయం ఇందులో కలవదు.

ఆ 28 శాతం మనకు అచ్చంగా అతకదు. అక్కడ ముందుజాగ్రత్తగా చేయించుకున్నవాళ్ల లెక్క అది. మన దగ్గర చాలామంది రక్తం పడ్డాకే వస్తారు, ఈ క్యాన్సరూ పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే. మడతలు మాత్రం ఎవరికైనా మడతలే.

ఒక్క పరీక్ష త్వరగా ముగిసినంత మాత్రాన డాక్టరును తప్పుపట్టలేం. రిపోర్టు చూడండి. సీకమ్ చేరినట్టు ఫొటో ఉండాలి, అందులో అపెండిక్స్ రంధ్రం కనిపించాలి. వెనక్కి తీసిన సమయం, పేగు ఎంత శుభ్రంగా ఉందో రాసి ఉండాలి. పేగు శుభ్రంగా లేకపోతే అరగంట చూసినా ప్రయోజనం తక్కువ. అందుకే పేగు శుభ్రం చేసే మందు సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగమంటారు. పీచున్న మామిడి, గింజలుండే జామ ముందే మానమంటారు.

ఆ వివరాలు లేకపోతే అదే డాక్టరును అడగండి. చెప్పడం వారి బాధ్యత. రక్తం ఇంకా పడుతున్నా, హిమోగ్లోబిన్ తగ్గుతున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా మొలలేలే అని వదిలేయకండి. నాన్నగారిని వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించండి.