ఆప్తుడెవరు? యంత్రపు మాట, సంఘపు మాట

ఏకాదశి నియమాలు మొదలుకొని ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రంలో శ్రావణమాసపు రద్దీ వరకు, నేడు ప్రతి సందేహమూ ముందుగా ఫోనుకే చేరుతున్నది. కొందరు చాట్‌బాట్‌ను అడుగుతారు. కొందరు వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. “వీటిలో దేనిని నమ్మాలి?” అని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల భక్తులు నన్ను తరచుగా ప్రశ్నిస్తుంటారు. దీనికి సమాధానం వెదకే మార్గాన్ని మన శాస్త్రాలు ఏనాడో చూపినవి.

ఆప్త లక్షణం

న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. శబ్దమనగా ఆప్తుని ఉపదేశం. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరేవాడే ఆప్తుడని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో వివరించాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనన్నాడు. అనగా పుట్టుక కాదు, ఎరుక, సత్యనిష్ఠ ముఖ్యం. మంత్రాలయ శ్రీ రాఘవేంద్రస్వామివారు అనుసరించిన ద్వైతసిద్ధాంతం సైతం దోషరహితమైన మాటనే ఆగమప్రమాణంగా గ్రహిస్తుంది.

రెండు పరీక్షలు

చాట్‌బాట్ అసంఖ్యాకమైన వాక్యాల నుండి నేర్చి, ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో లెక్కించి జవాబు కూర్చుతుంది. దానికి మోసగించే కోరిక లేదు. కాని అది స్వయంగా చూచినది కూడా లేదు. తప్పునూ ఒప్పునూ ఒకే ధీమాతో పలుకుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలు. పాత పాఠాలనుండి నేర్చిన యంత్రం, దాతలు అడిగినపుడు పాత సెక్షన్‌నే చెప్పవచ్చును.

గ్రూపులో చూచినవారు ఉంటారు. ఆదోని పత్తి రైతుకు గులాబీ రంగు పురుగు గురించి పక్కచేను రైతు చెప్పే మాటలో అనుభవముంటుంది. కాని అదే గ్రూపులో మందు అమ్ముకొనేవాడు కూడా ఉండవచ్చును. అతనికి ఎరుక ఉన్నా, ఉన్నది ఉన్నట్లు చెప్పాలనే కోరిక లోపించవచ్చును. అన్నదానం పేరిట ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌ను పదిమంది భక్తితో పంచినంత మాత్రాన అది దేవస్థానానిది కాజాలదు. పదిమంది పంచినా మూలం ఒక్కటే.

కనుక యంత్రమా, సంఘమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ మాటకు పూచీపడేవారు ఎవరన్నదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన ‘మన మిత్ర’ సేవ కూడా వాట్సాప్‌లోనే ఉన్నది. అయితే దాని వెనుక ప్రభుత్వమున్నది. పొరపాటు జరిగితే అడిగేందుకు ఒక చోటున్నది.

ఆచరణ

యాత్రకు ఏమేమి విచారించాలో తెలిసికొనుటకు చాట్‌బాట్‌ను వాడుకొనండి. అది మూలాన్ని చూపితే ఆ మూలాన్నే చదవండి. నేడు దారి ఎట్లున్నది, రద్దీ ఎంత అన్నవి గ్రూపులో అడగండి, చెప్పినవారిని “మీరు స్వయంగా చూచితిరా?” అని మరల అడగండి. కానుక, మందు, పంట విషయాలలో మాత్రం పూచీ గలవారినే ఆశ్రయించండి: కానుకకు దేవస్థాన కార్యాలయం, దాని రసీదు, అనారోగ్యానికి వైద్యుడు, పైరుకు రైతు సేవా కేంద్రం. ఈ మూడింటిలో పొరపాటు జరిగితే నష్టం చెప్పినవానిది కాదు, నమ్మినవానిది.

విచారించి నమ్మడం భక్తికి లోటు కాదు. ప్రమాణాలను పరీక్షించమన్నది మన శాస్త్రాలే.