మందలింపు – మన్నన

తెలుగులో 'దిద్దు' అనే క్రియకు అర్థాలు అనేకం. పలకమీద ఓనమాలు దిద్దుతాము, నుదుట తిలకం దిద్దుతాము, వ్రాతలోని తప్పు దిద్దుతాము, బిడ్డను తీర్చిదిద్దుతాము. చేయిపట్టి నేర్పడం, అలంకరించడం, సరిచేయడం అనే మూడింటికీ మన పూర్వులు ఒకే మాటను వాడడంలో ఎంతో ఔచిత్యం ఉంది. పలకమీద అక్షరాలు దిద్దించిన గురువు మీద పసివానికి కోపం రాదు. కాని అతడే పెద్దవాడై ఉద్యోగంలో చేరిన తరువాత, పై అధికారి చిన్న పొరపాటును ఎత్తిచూపితే ముఖం చిన్నబుచ్చుకొంటాడు, లేదా ఎదురు తిరుగుతాడు. దీనికి కారణమేమిటి? అటువంటి ఉద్యోగితో అధికారి ఎట్లా మెలగాలి? రేపు ఉద్యోగులూ, అధికారులూ కాబోయే విద్యార్థులు నేడే ఆలోచించవలసిన విషయమిది.

మనిషికి తన పని తన ప్రతిబింబం వంటిది. పనిలో దోషమున్నదని చెబితే తనలోనే దోషమున్నదని అన్నట్లు వినిపిస్తుంది. అభిమానం దెబ్బతిన్నప్పుడు ఒకడు వాదిస్తాడు. ఒకడు తప్పును తోటివారిపై నెడతాడు. మరొకడు మౌనం వహించి లోలోపల కుమిలిపోతాడు. ఆ మౌనాన్ని అంగీకారమని భ్రమించడం పెద్ద పొరపాటు. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు అంతకు ముందు జరిగిన అధ్యయనాల నుండి 607 ఫలితాలను క్రోడీకరించి 1996లో ప్రకటించారు. పనితీరు ఎట్లా ఉన్నదో చెప్పడంవల్ల సగటున మేలే జరిగింది. కాని మూడవ వంతుకు పైగా సందర్భాలలో పనితీరు మెరుగుపడకపోగా మరింత దిగజారింది. వినేవాని దృష్టి పనిమీద నుండి తన మీదికి మళ్లినకొద్దీ ఆ మాటల ఫలితం తగ్గుతుందని వారి అభిప్రాయం.

కనుక అధికారి మాట మనిషిని గాక పనిని తాకాలి. ఒక మందుల గిడ్డంగిలో గుమాస్తా నిల్వల పుస్తకాన్ని సరిగా వ్రాయలేదనుకొందాం. "మీకు బాధ్యత తెలియదు" అని నలుగురిలో అంటే అతని మనస్సు ఆత్మరక్షణకు సిద్ధమవుతుంది. అదే అతనిని విడిగా పిలిచి, "గతవారం రెండు రోజుల లెక్క పుస్తకంలో చేరలేదు. అందువల్ల ఉన్న మందులనే మళ్లీ తెప్పించాము. ఏమి జరిగింది?" అని అడిగితే అతడు ఆలోచిస్తాడు. ఆ రెండు రోజులూ సెలవులో ఉన్న మరొకరి పని కూడా తానే చేశానని చెప్పవచ్చు. అప్పుడు దిద్దవలసింది గుమాస్తాను కాదు, పని పంపకాన్ని. ఒకవేళ అతడు ఆగ్రహిస్తే అధికారి కూడా ఆగ్రహించరాదు. సంభాషణను మరునాటికి వాయిదా వేయవచ్చు, కాని విడిచిపెట్టరాదు. విడిచిపెడితే కోపమే తప్పించుకొనే మార్గమని అతడు గ్రహిస్తాడు.

ముఖాన చెప్పని మాట మరింత ప్రమాదకరం. సరిహద్దు రహదారుల సంస్థలో పనిచేసిన ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు 1993–94 రహస్య నివేదికలో 'మంచిది' అని వ్రాశారు. పదోన్నతికి కావలసినది 'చాలా మంచిది'. ఆ ఒక్క మాటవల్ల ఆయనకు పదోన్నతి దక్కలేదు. అది ప్రతికూల వ్యాఖ్య కాదు గనుక అప్పటి నిబంధనల ప్రకారం ఆయనకు తెలియజేయనే లేదు. నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే ఆయన పదవీ విరమణ చేశారు. ఈ సూత్రాన్ని 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ధ్రువపరచింది. సకాలంలో చెప్పి ఉంటే ఆయన తన పనిని మెరుగుపరచుకొనేవారు, లేదా తన వాదన వినిపించుకొనేవారు. ఆ రెండు అవకాశాలూ చేజారిపోయాయి.

మన్నన అంటే మెతకదనం కాదు. పలుమార్లు చెప్పినా, గడువు ఇచ్చినా, సహాయం చేసినా మారని ఉద్యోగి విషయంలో లిఖితపూర్వకంగా హెచ్చరించి, నిబంధనల మేరకు చర్య తీసుకోక తప్పదు. లేకపోతే అతని పని భారం కూడా శ్రద్ధగా పనిచేసేవారిపైనే పడుతుంది. అయితే శిక్షకు ముందు అతని మాట వినాలి. ప్రభుత్వోద్యోగిని తొలగించే ముందు అభియోగం తెలిపి, విచారణ జరిపి, సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని, కొన్ని మినహాయింపులతో, మన రాజ్యాంగం 311వ అధికరణంలో నిర్దేశించింది.

దిద్దేవానికి ఓర్పు, దిద్దించుకొనేవానికి వినయం అవసరం. నేడు దిద్దించుకొనేవాడే రేపు దిద్దేవాడవుతాడు. తన తప్పును ఇతరులు చెప్పినప్పుడు ప్రశాంతంగా వినగలిగిన అధికారి మందలింపును ఉద్యోగులు కూడా వింటారు. పలకమీద మన చేయి పట్టుకొన్న ఆనాటి చేయి బలంగానూ ఉండేది, మృదువుగానూ ఉండేది. ఆ రెండు గుణాలూ కలిసినప్పుడే అక్షరం కుదురుతుంది, మనిషీ కుదురుకొంటాడు.

ప్రశ్నలు

1. మందలింపునకు ఉద్యోగులు ఎదురు తిరగడానికి కారణాలను వివరించండి.
2. మందుల గిడ్డంగి ఉదాహరణ ద్వారా రచయిత ఏమి చెప్పదలచారు?
3. 'మన్నన అంటే మెతకదనం కాదు' – ఈ వాక్యాన్ని సమర్థించండి.