పాత కెమెరా – ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?



మన ఇళ్ళలో గోడకు పెళ్ళి ఫోటోలు ఉంటాయి. చనిపోయిన పెద్దల ఫోటోలు ఉంటాయి. సెల్‌ఫోన్లు రాకముందు వాటిని రీలు కెమెరాలతో తీసేవారు. కొందరి ఇళ్ళలో ఆ కెమెరాలు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి. పాతసామాన్లవాడు వస్తే తూకానికి వేసేస్తున్నారు. వెయ్యకముందు ఈ పాఠం చదవండి.

రీలు కెమెరాలు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది మర కెమెరా. కీ ఇచ్చే గోడ గడియారం మీకు తెలుసు కదా! దాని లోపల స్ప్రింగు, పళ్ళ చక్రాలు ఉంటాయి. ఈ కెమెరా కూడా అంతే. మీట లాగితే స్ప్రింగు బిగుస్తుంది. బొత్తాం నొక్కితే లోపలి తెర కంటిరెప్పలా తెరుచుకుని మూసుకుంటుంది. ఆ తెరను షట్టరు అంటారు. జపాన్ వారి పెంటాక్స్ కె 1000 ఇలాంటిదే. అది 1976లో వచ్చింది. 1997 దాకా తయారు చేశారు. అందులో సెల్లు వెలుతురు కొలవడానికే. సెల్లు లేకున్నా ఫోటో పడుతుంది.

రెండవది ఎలక్ట్రానిక్ కెమెరా. కేనన్ ఎ.ఇ. 1 కూడా 1976లోనే వచ్చింది. దాని షట్టరును లోపలి చిప్పు నడుపుతుంది. కొత్తవాళ్ళకు సుళువు. కానీ సెల్లు అయిపోతే ఒక్క ఫోటో పడదు.

మరి ఏది నిలుస్తుంది?

మర కెమెరాలో ఏళ్ళు గడిస్తే గ్రీజు ఎండిపోతుంది. షట్టరు నెమ్మదిస్తుంది. వెలుతురు ఎక్కువ పడి ఫోటో పాలిపోతుంది. తెలిసిన మెకానిక్కు విప్పి, తుడిచి, నూనె వేస్తే మళ్ళీ నడుస్తుంది.

ఎలక్ట్రానిక్ కెమెరా కూడా నలభై ఏళ్ళు నడవొచ్చు. కానీ చిప్పు పోతే నూనె పనికిరాదు. ఆ పాత చిప్పులు ఇప్పుడు తయారు కావడం లేదు. ఇంకో పాత కెమెరాలోంచి తియ్యాల్సిందే.

కాబట్టి బాగుచేసుకుంటూ వాడాలంటే మర కెమెరాయే మేలు. అయితే చెమ్మకు రెండూ ఒకటే. అద్దానికి బూజు పడుతుంది. అద్దం పైపూతను తినేస్తుంది.

ఇలా చెయ్యండి

1. ముందు లోపల రీలు ఉందేమో చూడండి. రీలు చుట్టే పిడిని మెల్లగా తిప్పండి. బిగిసిందంటే రీలు ఉన్నట్టే. మూత తెరవకండి. వెలుతురు తగిలితే బొమ్మలు పోతాయి. ఇప్పుడు మన మధ్య లేనివాళ్ళ బొమ్మ అందులో ఉండొచ్చు. రీలు కడిగే స్టూడియోలో ఇవ్వండి.
2. వాడనప్పుడు సెల్లు తీసెయ్యండి. సెల్లు కారితే లోపలి రేకులు చిలుము పడతాయి.
3. తోలు సంచిలో ఉంచకండి. తోలు చెమ్మ పీలుస్తుంది.
4. కొత్త చెప్పుల పెట్టెలో గుళికల పొట్లం వస్తుంది. దాన్ని కెమెరాతో పాటు డబ్బాలో పెట్టండి. అది డబ్బాలోని చెమ్మ లాగుతుంది. పిల్లలకు అందనివ్వకండి.
5. రీలు లేకపోతే నెలకోసారి మీట లాగి బొత్తాం నొక్కండి.

చెప్పండి

సెల్లు లేకున్నా ఫోటో తీసే కెమెరా ఏది?
మీ ఇంట్లో కీ ఇచ్చే వస్తువులు ఏవి? సెల్లుతో నడిచేవి ఏవి? ఏవి ఎక్కువ కాలం వచ్చాయి?

రాయండి

మీ ఇంట్లో ఒక పాత ఫోటో తియ్యండి. అందులో ఉన్నవారి పేర్లు, తీసిన సంవత్సరం దాని వెనుక పెన్సిలుతో మెల్లగా రాయండి.