ఆ కాగితం మీద సంతకం పెట్టకు

సుధా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దది చేసుకుని చదివాను. వంద రూపాయల స్టాంపు పేపరు, కింద నలుగురు పెద్దమనుషుల సంతకాలకు చోటు, నడుమ నీ తరఫున ఒక వాక్యం: ‘భరణం గానీ, బాబు పోషణ ఖర్చు గానీ ఇకపై ఎన్నడూ కోరను.’ దాని కింద ‘నాకేం వద్దు మామయ్యా, పీడ వదిలితే చాలు’ అని రాశావు. నీ పౌరుషం నాకు కొత్త కాదు, మీ అమ్మా అంతే. కానీ ఫ్యామిలీ కోర్టులో బెంచి క్లర్కుగా ఇలాంటి కాగితాలు చాలా చూసినవాణ్ణి. సంతకం పెట్టకు.

అసలా కాగితంతో విడాకులే అవ్వవు. హిందూ వివాహ చట్టం కింద అయిన పెళ్ళిని తెంచాలంటే కోర్టు డిక్రీ కావాలి. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకులను చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. మనలో ఆ ఆచారం లేదు. ఉన్నవాళ్ళయినా కోర్టులో రుజువు చేసుకోవాల్సిందే. ఈ కాగితాన్ని నమ్ముకుని నీ భర్త రేపు ఇంకో పెళ్ళి చేసుకుంటే ఆ వచ్చే అమ్మాయి గతేమిటో ఆ పెద్దమనుషులు ఆలోచించారా?

ఇద్దరికీ ఇష్టమే అంటున్నావు కనుక మ్యూచువల్ వేయండి. సెక్షన్ 13బి. ముందు ఏడాదైనా విడిగా ఉండి ఉండాలి, మీకు ఏడాదిన్నర దాటింది. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలల గడువుంది. ఇక కలిసే ఆశ లేదనీ, డబ్బు, పిల్లల సంగతులు తేలిపోయాయనీ నమ్మకం కుదిరితే మీలాంటి కేసుల్లో ఆ గడువు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డిక్రీ వచ్చేలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. అందుకే ఎవరు ఎంత, ఎప్పుడు ఇవ్వాలన్నది మొదటి పిటిషన్‌లోనే రాయించు. సగం డీడీ మొదటి మోషన్ నాడు, తక్కింది రెండో మోషన్ నాడు జడ్జిగారి ముందే తీసుకునేవాళ్ళు చాలామంది.

నీ భరణం నువ్వు వద్దనుకుంటే దాని మీద నేను వాదించను. బాబు పోషణ వాడి హక్కు. నువ్వు వద్దని రాసిచ్చినా అది చెల్లదు, వాడి తరఫున మళ్ళీ అడగవచ్చు. కాకపోతే అప్పుడు మళ్ళీ వకాల్తా, మళ్ళీ వాయిదాలు. ఆ తిప్పలేవో ఇప్పుడే తప్పించుకో. నీకు జీతం వస్తోందని తండ్రి బాధ్యత పోదు, ఎవరి సంపాదనను బట్టి వాళ్ళు మోయాలి.

ఈ ఆదివారం కూర్చుని బాబు ఖర్చులు ఒక నోటుబుక్కులో రాయి. స్కూలు ఫీజు, వ్యాను, యూనిఫాం, నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు వాణ్ణి చూసుకునే ఆవిడ జీతం, వాడి ఉబ్బసానికి వాడే ఇన్‌హేలరు, డాక్టరు ఫీజు. బిల్లులు పక్కనే పిన్ను కొట్టు. ఫీజులు ఏటా పెరుగుతాయి, కాబట్టి పోషణ మొత్తం కూడా ఏటా ఇంత పెరగాలని ఒప్పందంలో ఉండాలి.

మాట కుదరక మెయింటెనెన్స్ కేసు వేయాల్సొస్తే, ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతాలు అఫిడవిట్‌లో చూపాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. దాచితే చిక్కు దాచినవాళ్ళకే, అది నీకూ వర్తిస్తుంది. లాయరు 144 కింద వేద్దామంటే కర్ఫ్యూ అనుకునేవు! పాత 125 సెక్షనే 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 144 అయింది. ఆర్డరు వచ్చాక డబ్బు ఆగితే ఊరుకోకు. ఆ సెక్షన్ కింద వారెంటు కోసం బాకీ పడిన ఏడాదిలోపు అడగాలి.

అయిదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది. ఆ తర్వాతైనా, ముందైనా జడ్జి చూసేది పిల్లాడి మేలే. అందుకని తండ్రిని చూడనివ్వననకు. మా కోర్టు వరండాలో శనివారాలు చూసేవాణ్ణి: తండ్రి చాక్లెట్ పట్టుకుని బెంచీ చివర, తల్లి ఇవతలి చివర, మధ్యలో పిల్లాడు ఎటు కదలాలో తెలియక చెప్పుల బకిల్ పెడుతూ తీస్తూ. ఏ వారం, ఎన్ని గంటలు, పండగ సెలవుల్లో ఎక్కడ అన్నది మీరే రాసుకుంటే వాడికి ఆ బెంచీ తప్పుతుంది. డబ్బు ఇవ్వలేదని చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపడం, రెండూ కోర్టుకు నచ్చవు.

ఫ్లాటు సంగతి. లోన్‌లో నువ్వు కో-అప్లికెంట్‌వి. ఈఎంఐ అతనే కడతాడని డిక్రీలో రాసుకున్నా బ్యాంకుకు పట్టదు, అతను ఎగ్గొడితే నీ సిబిల్ కూడా పడిపోతుంది. బ్యాంకు నుంచి నీ పేరు తీసినట్టు లెటరు వచ్చాకే నీ వాటా వదిలి రాసివ్వు. ఇన్సూరెన్సులో, పీఎఫ్‌లో నామినీలు కూడా చూసుకో.

లాయరు ఫీజుకు వెనకాడుతుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు.

మీ అమ్మ కోపంలో పెళ్ళి ఆల్బమ్ తగలబెడతానందట, ఆపు. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు నీ స్త్రీధనం, అవి అత్తింటివాళ్ళ లాకర్లో ఉన్నా నీవే. హారం, వడ్డాణం, గాజులు ఏవేవో ఆ ఫొటోల్లోనే కనబడతాయి. బంగారం కొట్టు బిల్లులు మీ నాన్న పాత బ్రీఫ్‌కేసులో ఉండాలి, వెతికించి రెండూ ఒక కవర్లో పెట్టించు.

మీ మామయ్య