బీడీల చాట పక్కనే బిడ్డ దమ్ము

వెల్గటూర్ నుంచి కోరుట్ల దాకా ఏ వాడకు పోయినా, అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేసే అక్కలు కనిపిస్తారు. ఇంట్లో దమ్ముతో ఎగపోసే బిడ్డ ఉంటే, ఆస్పత్రికి పోయిన ప్రతిరోజూ కూలి పోయినట్టే. ఆ అక్కల కోసమే ఇది రాస్తున్నాను.

పెద్ద ఊళ్ల ఆస్పత్రుల్లో ఇప్పుడు ‘ఫీనో’ పరీక్ష చేస్తున్నారు. అలర్జీతో ఊపిరి గొట్టాలు వాస్తే, వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది; ఈ పరీక్ష దాన్నే కొలుస్తుంది. సూది ఉండదు. బిడ్డ గొట్టంలోకి ఆరు సెకన్లు ఒకే తీరుగా ఊదాలి. పన్నెండేళ్లలోపు వాళ్లకు 20 పీపీబీ లోపైతే తక్కువ, 35 దాటితే ఎక్కువ. ఆ పొద్దున పాలకూర, బీట్‌రూట్ పెట్టకండి, అంకె పెరుగుతుంది.

అంకె ఎక్కువొస్తే ముందు చూడాల్సింది రోజూ పీల్చే పంపు తప్పుతోందా, మందు గొంతులోనే ఆగుతోందా అని. తక్కువొచ్చిందని మందు మానకండి, మందు వల్లే తగ్గి ఉండొచ్చు.

అయితే బ్రిటన్‌లో 509 మంది పిల్లల మీద చేసి 2022లో ప్రకటించిన పరిశోధనలో, లక్షణాలకు తోడు ఈ అంకె చూసి మందు మార్చినా దమ్ము తిరగబెట్టడం తగ్గలేదు. నెలనెలా కూలి వదులుకొని దీనికోసం తిరగకండి. డాక్టర్ రాస్తేనే చేయించండి. ఆ రోజు పంపు వెంట పట్టుకుపోయి, బిడ్డ ఎట్లా పీలుస్తున్నాడో ఆయన ముందే చూపించండి.

ఇంట్లో ఒక నోటుబుక్కు చాలు. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆయాసానికి కొట్టే పంపు ఎన్నిసార్లు వాడారన్నది రాయండి. జర్దా చాట బిడ్డ పడుకునే గదిలో పెట్టకండి. చేతులు కడిగాకే ఎత్తుకోండి.

పంపుకూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ దొరక్కపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున వేడి తీగతో పంపు మూతికి సరిపడా రంధ్రం చేసి, చుట్టూ సందు లేకుండా అంటించండి. సీసా మూతి బిడ్డ నోట్లో ఉండాలి. ఇట్లాంటి సీసా కొన్న స్పేసర్‌లాగే పనిచేస్తుందని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లోనే తేల్చారు. ఒక్కో పఫ్‌కు అయిదారు ఊపిర్లు తీయించండి.

పక్కటెముకల సందులు లోపలికి గుంజుకుపోతున్నా, మాట తెగిపోతున్నా, పెదాలు నీలమైనా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా డాక్టర్ చెప్పినట్టు ఆయాసం పంపు కొడుతూ ఉండండి. సిరిసిల్లలో రాత్రిపూట సాంచల మీదికి పోయే అన్నలు, ఆ పంపు ఏ గూట్లో ఉందో ఇంట్లో ముసలమ్మకు కూడా చూపించి పోవాలి.