అంగడి ముందర నీడ

మన రాయలసీమ ఎండను గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ ఎండను లెక్కగట్టి అంగళ్లు కట్టేవాళ్లు మాత్రం తక్కువ. కొత్తగా లేచే షాపింగ్ కాంప్లెక్సులు చూడండి: వరుసగా షట్టర్లు, వాటి మీద రెండడుగుల సజ్జ, ఆపైన పెద్ద బోర్డు. అంతటితో ప్లాను పూర్తి. సివిల్ ఇంజనీరింగు విద్యార్థిగా నాకు తోచిన నాలుగు మాటలు, నంద్యాల జిల్లాలోని మా సంజామలను ఉదాహరణగా తీసుకుని మనవి చేస్తాను.

ముందు సూర్యుడి సంగతి. సంజామల సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుచేత మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరొకసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ చిన్న సజ్జ అయినా గోడకు నీడ ఇస్తుంది. చిక్కల్లా సాయంత్రమే. మే నెల నడుమ నాలుగు గంటలకు సూర్యుడు పడమట సుమారు 36 డిగ్రీల ఎత్తున ఉంటాడు. పడమటి ముఖం అంగడికి తొమ్మిదడుగుల ఎత్తున, నాలుగడుగుల వెడల్పు సజ్జ వేశామనుకోండి. దాని నీడ గోడ మీద మూడడుగులే దిగుతుంది. ఐదు గంటలకు రెండడుగులు కూడా దిగదు. మిగతా మేరంతా ఎండ నేరుగా అంగట్లోకే. బేరాలు మొదలయ్యేదీ ఆ వేళకే గదా!

దీన్నిబట్టి తేలేదేమిటి? సజ్జ పొడిగించినంత మాత్రాన పడమటి ఎండ ఆగదు. పైనుంచి కిందికి దిగే అడ్డు కావాలి. అంగళ్లవాళ్లు తడకలు, గోనెపట్టాలు వేలాడగట్టడం మోటుగా ఉందని మనం ముఖం చిట్లిస్తాం గాని, అది లెక్కకు సరిపోయిన పనే. కట్టేటప్పుడే కమ్మీలు, కొక్కేలు అమర్చిపెడితే ఆ పట్టాలను పొద్దున చుట్టి, మధ్యాహ్నం మీద దింపుకోవచ్చు.

ఇక రేకులు. రేకు ఎండను ఆపుతుంది, కాని తాను కాగి ఆ సెగను కింద నిలబడ్డవాళ్ల మీదికి పంపుతుంది. దాని కింద జానెడు ఖాళీ వదిలి తడక కప్పితే సెగ బాగా తగ్గుతుంది. గోడకూ రేకుకూ నడుమ కొంచెం సందు ఉంచితే వేడిగాలి పైకి పోతుంది. మన వైపు దొరికే నాపరాయి కూడా సజ్జకు పనికివస్తుంది. అయితే రెండంగుళాల బండ చదరపు అడుగుకు సుమారు 12 కిలోలు తూగుతుందని మరువరాదు. బరువు తక్కువని రేకు వేస్తే గాలివానతో తంటా. గాలి కిందినుంచి పందిరిని పైకి లేపుతుంది కనుక స్తంభాలను పునాదిలోనే గట్టిగా బిగించాలి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల. పైపైన పాతితే స్తంభం నిలవదు.

ఇంతకీ ఈ నీడ ఎవరికి? సింగపూరుకు 1822లో రాఫెల్స్ వేయించిన పట్టణ ప్లానులో వీధి పొడవునా ఇళ్ల ముందర, అందరూ నడిచేందుకు కప్పున్న వసారా ఉండాలని నియమం పెట్టారు. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాదులో పత్తర్‌గట్టీ అంగళ్లను రాతి కమానులతో కట్టించింది. ఆ కమానుల కింది నీడ ఏ ఒక్క అంగడిదీ కాదు, దారిన పోయేవాళ్లందరిదీ.

మన కాంప్లెక్సుల్లో ఈ ఆలోచనే కొరవడింది. షట్టరు లోపలివారికి ఫ్యాను ఉంటుంది. ముందర నేల మీద ఆకుకూరల తట్ట పెట్టుకున్న అమ్మకు ఏముంది? ఎండకు కూర వాడిపోతే ఆనాటి రాబడి పోయినట్లే. కొనేవాళ్లూ అక్కడ నిలబడరు. కాబట్టి వరుస పొడవునా ఎనిమిదడుగుల పంచ వేసి, ఐదడుగులు నడకకు, మూడడుగులు కూర్చుని అమ్మేవాళ్లకు కేటాయించాలని నా సూచన. పడమటి వైపు స్తంభాల నడుమ పట్టాలు దింపాలి. స్థలం ఉంటే వేప, కానుగ నాటాలి. మండువేసవి వేళకు అవి కొత్త ఆకుతో నిండుగా ఉంటాయి.

మిత్రులారా! రేపు మనలో పలువురం ప్లాన్లు గీస్తాం, ఎస్టిమేట్లు వేస్తాం. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు మే నెల నాలుగు గంటల ఎండ ఎక్కడిదాకా వస్తుందో ఒక గీత గీసి చూద్దాం. దానికి కావలసింది ఒక స్కేలు, ఒక కోణమానిని, పది నిమిషాల ఓపిక.