సందేహాలు – సమాధానాలు: గుడ్లగూబ కళ్ళతో గురి

ప్రశ్న: శనివారం రాత్రుళ్ళు నాలుగు కుటుంబాల వాళ్ళం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. మా బావగారే డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్). నాది విజర్డ్. మొన్న నా గుడ్లగూబను గోడ అవతలికి పంపి, దాని కళ్ళతో గోబ్లిన్‌ను చూసి మ్యాజిక్ మిస్సైల్ వేశాను. చెల్లదన్నారు. స్పెల్‌లో ‘మీకు కనిపించే ప్రాణి’ అనే కదా ఉంది, నాకు కనిపిస్తూనే ఉందిగా! పాతది, 2014 పుస్తకమే మాది. బావగారు కదా అని ఊరుకోవాలా?
– టార్నీట్, మెల్‌బోర్న్

జవాబు: ఊరుకోండి. ఆయన చెప్పిందే రైటు. కనిపించడం ఒక షరతు మాత్రమే, ఇంకా రెండున్నాయి. మొదటిది దూరం. మ్యాజిక్ మిస్సైల్ రేంజ్ 120 అడుగులు. దాన్ని మీ దగ్గర్నుంచి కొలవాలి, గుడ్లగూబ దగ్గర్నుంచి కాదు. రెండోది దారి. మీకూ గురికీ మధ్య అడ్డు లేని దారి ఉండాలనీ, పూర్తి చాటున ఉన్నదాన్ని గురిపెట్టలేరనీ మంత్రాల అధ్యాయంలోనే ఉంది. గోడంటే పూర్తి చాటు. మూసిన అద్దాల కిటికీ అయినా అంతే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ వీటికి లైన్ ఆఫ్ సైట్, లైన్ ఆఫ్ ఎఫెక్ట్ అని విడివిడిగా పేర్లు పెట్టింది. అయిదో ఎడిషన్‌లో లైన్ ఆఫ్ ఎఫెక్ట్ అన్న పేరు పోయి, విషయం మాత్రం ఒక చిన్న పేరాలో మిగిలింది. గొడవలన్నీ ఆ పేరా చదవకుండా దాటేసిన వాళ్ళవే.

బావగారు ఇంకో మాట కూడా అనొచ్చు, అనలేదంటే మంచివారే. 2014 ఫైండ్ ఫెమిలియర్ మంత్రంలో, ఫెమిలియర్ (అంటే మీ గుడ్లగూబ) కళ్ళతో చూడటానికే ఆ టర్న్‌లో మీ యాక్షన్ ఖర్చయిపోతుంది. ఆ చూపు మీ తర్వాతి టర్న్ మొదలవగానే పోతుంది. మ్యాజిక్ మిస్సైల్‌కు మళ్ళీ యాక్షన్ కావాలి. చూపున్నప్పుడు యాక్షన్ లేదు, యాక్షన్ వచ్చేసరికి చూపు లేదు. గోడ లేకపోయినా మీ ఎత్తు పారేది కాదు.

మరి ఆ చూపు దేనికి? బోనస్ యాక్షన్, రియాక్షన్ మంత్రాలకు. అదే గోడ, అదే గుడ్లగూబ అనుకోండి. యాక్షన్‌తో చూసి, బోనస్ యాక్షన్‌తో మిస్టీ స్టెప్ వేయండి. అది 30 అడుగుల లోపు మీకు కనిపించే ఖాళీ చోటికి మిమ్మల్నే చేరుస్తుంది. గోడ అవతలి వాడి మీద మీరు ఏదీ విసరడం లేదు కాబట్టి గోడ అడ్డు రాదన్నదే నా తీర్పు. గోబ్లిన్ పక్కనే తేలతారు. చేతిలో యాక్షన్ లేకుండా అక్కడ తేలి ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి!

ఆ గోబ్లిన్‌ను కొట్టి తీరాలంటే షాకింగ్ గ్రాస్ప్ వేయండి. తాకి వేసే మంత్రాలను మీకు 100 అడుగుల లోపున్న ఫెమిలియర్ తన రియాక్షన్‌తో వేసి రాగలదు. ఇక్కడ మాత్రం మంత్రం నిజంగా గుడ్లగూబ నుంచే వెళ్తుంది. ఎగిరి తప్పుకునేటప్పుడు దానికి ఆపర్చునిటీ అటాక్ బెడద లేదు. కానీ ఉన్నది ఒకే ఒక్క హిట్ పాయింట్, బాణం తగిలితే సరి. (మీటర్లతో పెరిగిన పిల్లలు పక్కన కూర్చుంటే 100 అడుగులంటే సుమారు 30 మీటర్లని చెప్పండి. ప్రతి టర్న్‌కూ అడుగుతారు.)

ప్రశ్న: మా దొంగ కోటలోకి దూరాడు. మా మధ్య టెలిపతిక్ బాండ్ ఉంది. ‘ద్వారానికి 60 అడుగుల్లో, స్తంభం పక్కన నలుగురున్నారు’ అని క్షణక్షణం చెబుతున్నాడు. అతని కళ్ళు నా కళ్ళే అనుకుని మంత్రం వేయొచ్చా?
– వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ

జవాబు: సంజయుడు చెబుతుంటే ధృతరాష్ట్రుడు యుద్ధాన్ని విన్నాడు, చూడలేదు. మీదీ అదే పరిస్థితి. ఆ బంధం మాటలు మోస్తుంది, చూపును కాదు. ‘మీకు కనిపించే’ అని రాసిన మంత్రాలు మానుకోండి. ఫైర్‌బాల్‌లో ఆ మాట లేదు, 150 అడుగుల లోపు ఒక చోటు ఎంచుకుంటే చాలు. అయితే మీకు కనపడని ఆ చోటికీ మీకూ మధ్య గోడ ఉంటే అది ఇవతలే పేలుతుంది. చుట్టూ 20 అడుగుల మేర మంట, అందులో మీరూ ఉండొచ్చు. తలుపు తీసి పెట్టమని దొంగకు చెప్పండి. మీకు అసలు పనికొచ్చేది డైమెన్షన్ డోర్. 500 అడుగుల లోపు దూరం, దిక్కు చెబితే చాలు, చూడక్కర్లేదు. దొంగ లెక్క తప్పి ఆ చోట మరొకరుంటే మంత్రం వృథా, పైగా 4డీ6 దెబ్బ.

నిజంగా తోడువాడి కళ్ళే కావాలంటే బీస్ట్ సెన్స్ ఉంది, డ్రూయిడ్లకూ రేంజర్లకూ. ఒప్పుకున్న జంతువును తాకి వేయాలి. 2014 రూల్స్‌లో, వైల్డ్ షేప్‌తో పిల్లిగా మారిన మీ డ్రూయిడ్ కూడా జంతువు కిందే లెక్క. రేంజర్ అతని కళ్ళతో చూడొచ్చు. పైగా ఒకసారి యాక్షన్ పెట్టి చూడటం మొదలుపెడితే, మానుకోవడానికి మళ్ళీ యాక్షన్ పెట్టేదాకా చూపు ఆగదు. కాబట్టి పై ఉత్తరంలోని యాక్షన్ చిక్కు దీనికి లేదు. దూరం, దారి మాత్రం ఇక్కడా మీ నుంచే.

ప్రశ్న: జనవరిలో క్యాన్‌కాన్ ఆటల సంబరానికి వెళ్తున్నాను. అక్కడ కొత్త పుస్తకంతో ఆడితే ఇవన్నీ మారతాయా?
– కాన్‌బెర్రా

జవాబు: కొన్ని మారాయి, అందులో ఒకటి పెద్దదే. 2024 రూల్స్‌లో ఫెమిలియర్ కళ్ళతో చూడటానికి బోనస్ యాక్షన్ చాలు. యాక్షన్ మిగులుతుంది కాబట్టి దారి తెరిచి ఉంటే మ్యాజిక్ మిస్సైల్ అదే టర్న్‌లో వేయొచ్చు. మిస్టీ స్టెప్ ఎత్తు మాత్రం పోయింది, రెంటికీ బోనస్ యాక్షనే కావాలి. వైల్డ్ షేప్‌లో ఉన్న డ్రూయిడ్ జంతువుల లెక్కలోకి రాడు. పాత్‌ఫైండర్ అనే వేరే ఆట టేబుల్ దగ్గర కూర్చుంటే అక్కడ లైన్ ఆఫ్ ఎఫెక్ట్ ఆ పేరుతోనే ఉంది. ఎక్స్‌పో హాల్లో ముక్కూమొహం తెలియని డీఎం దగ్గర పేజీలు తిప్పుతూ వాదించకండి, ఆట మొదలవకముందే అడిగేయండి.

ప్రశ్న: ఫెమిలియర్ కళ్ళతో చూస్తున్నంతసేపూ నా పక్కనున్న శత్రువు కనిపిస్తాడా?
– పెర్త్

జవాబు: 2014 ప్రకారం కనిపించడు, వినిపించడు. మీ సొంత కళ్ళూ చెవులూ పనిచేయవు, మిమ్మల్ని కొట్టేవాడికి అడ్వాంటేజ్. 2024లో ఆ షరతు తీసేశారు.

ఇకపై ఉత్తరం రాసేవాళ్ళు మీ టేబుల్ మీద ఉన్నది ఏ సంవత్సరం పుస్తకమో మొదటి వాక్యంలోనే రాయండి. అది తెలియకపోతే ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇవ్వాల్సి వస్తోంది.